పాదం చూసి రాసిన వాక్యం

తిరుపతి

ప్రియమైన తల్లీ, ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. చిత్తూరులో నైట్ డ్యూటీ దిగి వచ్చి, నిద్ర మానుకుని, నర్సింగ్ డయాగ్నోసిస్ గురించి, అంటే రోగి పడే ఇబ్బందిని గుర్తించి నర్సు రాసే మాట గురించి, తెలుగులో పన్నెండు పేజీలు రాశావు. మన పిల్లలకు ఇలాంటిది ఎంత అవసరమో, ఆ పాఠాన్ని ఇంగ్లీషులో బట్టీపట్టిన నాకు తెలుసు. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

మొదటి నాలుగు పేజీలు చరిత్రకే ఇచ్చావు. 1973లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో నర్సుల తొలి సమావేశం, 1982లో ఆ ఇబ్బందులకు పేర్లు ఖాయం చేసే నాండా అనే సంఘం, 2002లో దానికి నాండా ఇంటర్నేషనల్ అనే పేరు. సంవత్సరాలన్నీ సరిగానే ఉన్నాయి. కానీ వాళ్ళు ఎందుకు కూడారో ఎక్కడా లేదు. రోగాలకు డాక్టర్ల దగ్గర పేర్లున్నాయి. ఆ రోగం వచ్చిన మనిషి మింగలేకపోవడం, నిద్రపట్టక దొర్లడం, లేచి నాలుగడుగులు వేయలేకపోవడం రేయింబవళ్ళు చూసుకునేది నర్సులే అయినా, వాటికి అందరూ ఒప్పుకున్న పేర్లు లేవు. పేరు లేని పని లెక్కలోకి రాదు. ఈ సంగతి చెబితే చరిత్ర ఒక్క పేరాలో తేలిపోతుంది. మిగిలిన జాగా రోగికి ఇవ్వు.

నీ వ్యాసంలో రోగే కనిపించలేదు, తల్లీ. అన్నిటికంటే నన్ను బాధపెట్టింది అది.

నాకు ఈ విద్య ఒంటబట్టింది ఒక పెద్దాయన పాదాల దగ్గర. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, మే నెల. అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి కొండకు వెళ్ళిన ఆయనను మరునాడు మా వార్డులో చేర్చారు. 15 ఏళ్ళుగా షుగర్. మొక్కు కాబట్టి చెప్పులు లేకుండా ఎక్కారు. రెండు అరికాళ్ళూ బొబ్బలెక్కి, కుడికాలిలో ఒకటి పగిలింది. పంచె అంచుకు రక్తం అంటిందని మనవడు చెప్పేదాకా ఆయనకు తెలియనే లేదు.

డాక్టరు కేస్ షీట్‌లో మధుమేహం, దానివల్ల నరాలు దెబ్బతినడం, పాదంలో పుండు అని రాశారు. నేను కేర్ ప్లాన్‌లో, అంటే రోగికి నర్సు ఏం చేయాలో రాసుకునే కాగితంలో, ‘మధుమేహం వల్ల చర్మం దెబ్బతింది’ అని రాసి ఊరుకున్నాను. మా హెడ్ సిస్టర్ ఆ వాక్యం కింద గీత గీశారు. “మధుమేహాన్ని నువ్వు మాన్పగలవా? నీ చేతిలో ఉన్నదేమిటో అది రాయి. వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర కూర్చో” అన్నారు.

కూర్చున్నాను. దూదిపోగుతో బొటనవేలు తాకితే ఆయనకు తెలియలేదు. మడమ దగ్గర కొంచెం తెలిసింది. పుండు కొలిచాను. రోజూ అరికాళ్ళు చూసుకుంటారా అని అడిగితే, “అరికాలు ఎవరు చూసుకుంటారమ్మా” అన్నారు. అప్పుడు మళ్ళీ రాశాను: ‘పాదాల్లో స్పర్శ తగ్గి, ఒట్టి కాళ్ళతో చాలాదూరం నడవడం వల్ల అరికాలి చర్మం దెబ్బతింది. కుడి అరికాలిలో 3 సెంటీమీటర్ల పగిలిన బొబ్బ, చుట్టూ ఎరుపు, చీము లేదు.’

సమస్య, కారణం, సాక్ష్యం మూడూ అందులో ఉన్నాయి. నువ్వు వేసిన పట్టిక కూడా ఈ మూడింటినే చెబుతోంది గానీ, కారణం దగ్గర అంతసేపు ఎందుకు ఆగాలో పట్టికకు తెలియదు. చేయవలసిన పని కారణంలోంచే పుడుతుంది. పోయిన స్పర్శను నేను తెచ్చివ్వలేను. ఒట్టి కాళ్ళ నడక మాన్పించగలను, ఆ కాలి మీద బరువు పడకుండా చూడగలను, అద్దం పట్టుకుని అరికాలు చూసుకోవడం నేర్పగలను. నేర్పాను. మూడోనాటికి ఆయనే అద్దం అడిగి తీసుకున్నారు. కారణం దగ్గర మధుమేహమని రాసి వదిలేసి ఉంటే ఆ అద్దం నాకు తట్టేది కాదు.

చెప్పుల మాట ఎత్తినప్పుడు ఆయన “స్వామి మొక్కు కదమ్మా” అన్నారు. ఇలాంటి రోగుల గురించి నీ వ్యాసంలో ‘నిర్లక్ష్యం’ అనే మాట మూడుచోట్ల ఉంది. మూడూ కొట్టెయ్యి. ఆయనకు తెలియనిదేమిటో, నమ్మేదేమిటో రాస్తే, తర్వాతి షిఫ్ట్ సిస్టర్ ఆయనతో ఎలా మాట్లాడాలో తెలుసుకుంటుంది. మా హెడ్ సిస్టర్, ఈసారి బస్సులో కొండకు వెళ్ళి తలనీలాలివ్వండి, స్వామి కాదనడు అన్నారు. దానికి ఆయన తలూపారు.

ఏడో పేజీలో ఒక పెద్ద తప్పుంది. ‘ఇన్ఫెక్షన్ వచ్చే ముప్పు’ అని రాసి, సాక్ష్యంగా చీము, జ్వరం చూపించావు. చీము కనబడ్డాక ముప్పు ఎక్కడిది? అది వచ్చేసింది, వెంటనే డాక్టరుకు చెప్పవలసిన సంగతి. ముప్పు అని రాసినప్పుడు లక్షణాలు ఉండవు, ముప్పుకు దారితీసేవే ఉంటాయి. మా పెద్దాయనకైతే పగిలిన చర్మం, అదుపులో లేని షుగర్. ఇది అచ్చుకాకముందే దిద్దు. చదివిన పిల్లలు రేపు వార్డులో అలాగే రాస్తారు.

ఇక అనువాదాలు. ‘అసమర్థ వాయుమార్గ శుద్ధీకరణ’ అని రాశావు. ఎవరికి అర్థమవుతుంది? కఫం బయటికి తీయలేకపోతే అది ఒక సమస్య. ఊపిరి తీసే తీరే సరిగా లేకపోతే, అంటే మరీ వేగంగానో, పైపైనో తీస్తుంటే, అది వేరు. ఊపిరి ఆడుతున్నా రక్తంలోకి ఆక్సిజన్ చాలినంత చేరకపోతే ఇంకొకటి. ముగ్గురు రోగులూ “ఆయాసం సిస్టర్” అనే అంటారు. ఒకరికి దగ్గడం నేర్పి, వీపు తట్టి, కఫం తీయించాలి. ఒకరిని లేపి కూర్చోబెట్టి, పక్కనే ఉండి, నిదానంగా ఊపిరి తీయించాలి. ఒకరికి ఆక్సిజన్ శాతం చూస్తూ డాక్టరును పిలవాలి. ఈ తేడాను ముగ్గురు మనుషులుగా చూపించు. రెండు పేజీలైనా పరవాలేదు, నీ వ్యాసానికి గుండెకాయ అదే. కేస్ షీట్‌లో మాత్రం నాండా పేరునే ఇంగ్లీషులో ఉంచమని చెప్పు. పక్క మంచం చూసే సిస్టర్‌ది వేలూరో, కేరళో కావచ్చు.

రోగి మాటను మాత్రం మార్చవద్దు. నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంత అని అడిగితే ఒక ముసలమ్మ, “రూపాయికి పన్నెండణాలుందమ్మా” అంది. దాన్ని ఆమె మాటల్లోనే రాసుకున్నాను. సాయంత్రం మళ్ళీ అడిగితే “ఆరణాలకు దిగింది” అంది. మందు పనిచేసిందని నాకు అంతకంటే ఏం కావాలి?

నువ్వు వార్డులో చూసినవాళ్ళ గురించే రాయి. పేరు, ఊరు, మంచం నంబరు మాత్రం మార్చడం కాదు, పూర్తిగా తీసేయి.

వచ్చే ఆదివారం ఆఫ్ దొరికితే తిరుపతి బస్సెక్కు. వ్యాసం మొత్తం తేవద్దు, ఆ ఆయాసం పేజీలు రెండూ తిరగరాసి తీసుకురా. నా పాత కేర్ ప్లాన్ నోట్సులు అటక మీద నుంచి దించి పెడతాను. గీత గీసిన ఆ పేజీ కూడా అందులోనే ఉంది.

నీ పెద్దమ్మ లాంటి
ఒక పాత సిస్టర్