మనసు, శరీరం వేరు వేరా? దేవుడికి వాటితో సంబంధం ఏమిటి?

ఈ ప్రశ్న మీద చదవడం చాలా ఏళ్లుగా చదువుతున్నాను గానీ, అది నన్ను నిజంగా పట్టుకున్నది మూడేళ్ల క్రితం ఒక రాత్రి, మా ఇంట్లోనే.

నాన్నకు ఇన్సులిన్ వాడకం. విష్ణు సహస్రనామం పుస్తకం చూడకుండా చదువుతారు, నాకు తెలిసి ఒక్క రోజు మానలేదు. ఆ రాత్రి ఇంజెక్షన్ చేసుకుని, కాసేపాగి తిందాంలే అని నడుం వాల్చారు. నేను లేపేసరికి బనియన్ తడిసిపోయి ఉంది, చేతులు వణుకుతున్నాయి. నా వైపు చూసి "ఎవరండీ మీరు?" అన్నారు. పుట్టినప్పటి నుంచి నన్ను "ఒరేయ్" అని తప్ప పిలవని మనిషి! నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అమ్మ "శుక్లాంబరధరం..." అని అందించింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. మిషన్‌తో చూస్తే షుగర్ 41కి పడిపోయింది. మింగగలుగుతున్నారు కాబట్టి పంచదార నీళ్లు తాగించాం. పావుగంటకి చూపు కుదుటపడింది. "ఏరా, అలా బిక్కమొహం వేశావేం?" అన్నారు.

శరీరంతో పని లేని మనసు అంటూ విడిగా ఉంటే, రెండు గ్లాసుల పంచదార నీళ్లకు అది తిరిగి రావడమేంటి?

మనసు వేరు, శరీరం వేరు అని వాదించిన ఫ్రెంచ్ తత్వవేత్త డెకార్ట్‌ని 1643లో బొహీమియా రాకుమారి ఎలిజబెత్ ఉత్తరాల్లో దాదాపు ఇదే అడిగింది. చక్కగా ఆలోచించే అలవాటున్న ఆత్మ, ఒంట్లో ఏవో ఆవిర్లు కమ్మితే ఆ శక్తంతా ఎలా పోగొట్టుకుంటుంది అని. అప్పటికి ఆమెకు 24 ఏళ్లు. డెకార్ట్ జవాబులు ఆమెకు సరిపోలేదు, నాకూ సరిపోలేదు.

నాకు ఊరట దొరికింది ఛాందోగ్యోపనిషత్తులో. ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుని పదిహేను రోజులు అన్నం మానేసి నీళ్లు మాత్రం తాగమంటాడు. తర్వాత వేదం చెప్పమంటే, చదువంతా వచ్చిన ఆ కుర్రాడికి ఒక్క మంత్రమూ తోచదు. పెద్ద మంట ఆరిపోయి మిణుగురంత నిప్పు మిగిలితే అది దేన్నీ కాల్చలేదు, నీ స్థితీ అంతే, వెళ్లి తిను అంటాడు తండ్రి. తిన్నాక అన్నీ గుర్తొస్తాయి. మనసు అన్నమయం అని అక్కడ తేల్చి చెప్పారు. శరీరం బరువులో మెదడు 2 శాతమే అయినా ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో 20 శాతం దాకా అదే వాడుకుంటుందని ఇప్పుడు డాక్టర్లు చెప్తుంటే నాకు ఆ కథే గుర్తొస్తుంది.

చాలామంది మనసునీ ఆత్మనీ ఒకటే అనుకుని వాదిస్తారు. మన వేదాంతం మనసుకీ శరీరానికీ మధ్య గీత గీయలేదు. మనసుని శరీరం పక్కనే పెట్టింది, అది సూక్ష్మమైనదే గానీ తిండితో నిలిచేదే. ఆత్మని విడిగా చెప్పింది. రామానుజులు ఇంకా ముందుకెళ్లి, జీవులూ జగత్తూ అన్నీ దేవుడికి శరీరమే, ఆయన శరీరి, అంటే ఆ శరీరంలో ఉండే ఆత్మ అన్నారు. ఈ మాట నాకు మనసుకి పట్టింది. శరీరాన్ని తక్కువ చేస్తేనే భక్తి అనుకునే వాళ్లతో నేను ఒప్పుకోను.

కొన్నాళ్లకి ఉండబట్టలేక నాన్ననే అడిగాను, "ఆ పావుగంట మీకు దేవుడు కూడా గుర్తులేడు కదా, మరి?" అని. ఆయన వరాహ చరమ శ్లోకం చెప్పారు. మనసూ ఒళ్లూ బాగున్నప్పుడు నన్ను తలుచుకున్నవాడు, చివర్లో కట్టెలా రాయిలా పడి ఉంటే అప్పుడు వాణ్ని నేను తలుచుకుంటాను అని అందులో వరాహస్వామి మాట. "నాకు గుర్తుండక్కర్లేదురా, ఆయనకి ఉంటుంది" అన్నారు.

అయినా ఆ మర్నాడే పూజ గదిలో గ్లూకోజ్ పొడి డబ్బా పెట్టుకున్నారు. ఇప్పటికీ అక్కడే ఉంటుంది.