కారు నేల మీద నిలబడ్డాకే ఆ నట్లు బిగించు

చిరంజీవి కిరణ్‌కి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు లెస్టర్‌లో 1971 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్, అదే పైకప్పు తెరుచుకునే పాత బ్రిటిష్ కారు, కొన్నావనీ, దాని ముందు సస్పెన్షన్ బుష్‌లు (ఇనుప భాగాల కీళ్లలో కుదుపు మింగే గుండ్రటి దిండ్లు) నీ చేతులతో నువ్వే మార్చబోతున్నావనీ మీ నాన్న రాత్రి ఫోన్‌లో చెప్పాడు. వాడి గొంతులో సంబరం విని నాకూ ఛాతీ ఉప్పొంగింది. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. ఆ కారు ముందు చక్రం పక్కనుండే కాయిల్ స్ప్రింగు సంగతి నీకెవరైనా చెప్పారో లేదో! బర్మింగ్‌హామ్ షెడ్లలో ఆ బండ్ల కింద పడుకుని పనిచేసినవాణ్ణి కాబట్టి తెల్లారగానే ఇది రాస్తున్నాను. ఓపిగ్గా చదువు, ఫోన్లో తలూపినట్టు ఊపి వదిలేయకు.

ముందు అసలు లోపం బుష్‌లదేనా అని తేల్చుకో. బ్రేకు వేస్తే బండి పక్కకి లాగుతోందనీ, గతుకుల్లో టకటకమంటోందనీ అన్నావట. చక్రం నేల మీంచి లేపి, పైనా కిందా పట్టుకుని ఊపి చూడు. ఊగితే ఎవరినైనా బ్రేకు తొక్కి పట్టమను. ఊగడం ఆగిపోతే తప్పు వీల్ బేరింగుది, ఆగకపోతే కింగ్‌పిన్‌ది, అంటే స్టీరింగు తిప్పితే చక్రం తిరిగే నిలువు ఇరుసుది. కింగ్‌పిన్ అరిగిపోయిన బండికి ఎంత ఖరీదైన బుష్‌లు వేసినా డబ్బు దండగే. ఒక్కో కింగ్‌పిన్‌కి మూడు గ్రీజు నిపుళ్లుంటాయి. వాటి మీద ఎండిన మట్టి చూస్తే చాలు, పాత యజమాని గ్రీజు గన్ను ముట్టుకున్నాడో లేదో తెలిసిపోతుంది. లీవర్ షాకబ్జార్బరు నుంచి నూనె కారుతోందేమో కూడా చూడు. ఈ బండిలో దాని చేతులే పై విష్‌బోను, అంటే చక్రాన్ని పైనుంచి పట్టుకునే ఆర్మ్. మీ తాతయ్య నడిపిన పాత అంబాసిడర్‌లోనూ లీవర్ రకం షాకబ్జార్బర్లే. ఆ మాటకొస్తే ఇంజన్లు కూడా చుట్టాలే. అంబాసిడర్‌ది 1,489 సీసీ, నీ దానిది 1,798 సీసీ, రెండూ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బి-సిరీస్ కుటుంబమే.

ఇక ఏ బుష్ కొనాలి. 1971 బండికి ఫ్యాక్టరీ వేసినవి మామూలు రబ్బరు బుష్‌లు, ఒక్కో కింది ఆర్మ్‌కి (చక్రాన్ని కిందనుంచి పట్టుకునే ఇనుప చేతికి) రెండు ముక్కలు. లోపల ఇనుప గొట్టం ఉండదు, రబ్బరు నేరుగా పివట్ మీదే, అంటే ఆర్మ్ ఊగే ఇరుసు మీదే, కూర్చుంటుంది. ఇంజన్ నుంచి కారే ఆయిలు తగిలి ఉబ్బుతుంది, బ్రేకు వేసినప్పుడల్లా ఒకే వైపు నలుగుతుంది, కొన్నాళ్లకి దాని గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. అప్పుడు ఆర్మ్ వెనక్కీ ముందుకీ జరగడం మొదలెడుతుంది, నీ చేతిలో స్టీరింగు నిలకడగా ఉండదు. 1973లో ఎంజీబీ జీటీ వీ8 వచ్చినప్పుడు, 3,528 సీసీ రోవర్ ఇంజన్ బలానికి తగ్గట్టు ఆ చోట వేరే రకం వేశారు: బయటొక ఇనుప గొట్టం, లోపలొక ఇనుప గొట్టం, మధ్యలో రెంటికీ అతికిన రబ్బరు. ఆ కార్లు 1976 దాకా తయారైనవి 2,591 మాత్రమే. ఆ బుష్ మాత్రం మామూలు ఎంజీబీలకి కూడా సరిగ్గా సరిపోతుంది. పక్కకి రెండు చొప్పున మొత్తం నాలుగు కావాలి. కింది ఆర్మ్‌లకి నా ఓటు వీటికే.

పాలీయురేథేన్ (రబ్బరు కంటే గట్టి ప్లాస్టిక్) వేయమని నీ స్నేహితులు అంటారు. అది చెడ్డదని నేననను. పై ట్రునియన్ (కింగ్‌పిన్ పై కొస షాకబ్జార్బరు చేతులకి కలిసే కీలు) బుష్‌లకీ, యాంటీ రోల్ బార్ (మలుపుల్లో కారు ఒరగడం తగ్గించే కడ్డీ) బుష్‌లకీ అది భేషుగ్గా ఉంటుంది, అక్కడ వేసుకో. కింది ఆర్మ్‌లో వేస్తే స్టీరింగు చురుగ్గానే ఉంటుంది కానీ, రోడ్డు మీది ప్రతి గరుకూ సీటు దాకా వస్తుంది, వానల్లో గ్రీజు కడుక్కుపోయాక కీచుమంటుంది. దానికి కిట్‌తో వచ్చే సిలికాన్ గ్రీజే రాయాలి. రబ్బరు బుష్‌లకి డబ్బాలోని మామూలు గ్రీజు అస్సలు తగలనివ్వకు, ఉబ్బిపోతాయి. నైలాన్ బుష్‌లు రేసు బండ్లకి. కోడలు పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని తిరిగే కారుకి వద్దు.

ఇప్పుడు స్ప్రింగు గురించి. కారు నిలబడి ఉన్నప్పుడు ఆ స్ప్రింగు ఒక్కొక్కటీ సుమారు 450 కిలోల బలంతో అణిగి ఉంటుంది. చక్రం వేలాడుతున్నప్పుడు అది కొంత సాగినా, లోపల ఇంకా చాలా బలం మిగిలే ఉంటుంది. దాన్ని ఆపి ఉంచేవి కింద స్ప్రింగు పళ్లెం, పైన ట్రునియన్ బోల్టు. ఆ బోల్టు తీసిన క్షణం నుంచి స్ప్రింగుని పట్టుకున్నది నీ జాకీ ఒక్కటే. నాన్న పంపిన ఫోటోలో మీ ఇంటి ముందంతా గులకరాళ్లు పరిచి ఉన్నాయి. ఆ రాళ్ల మీద ఈ పని చెయ్యకు కిరణ్, నా మాట విను. జాకీ దిగుతుంటే ఆర్మ్ వంపుగా తిరుగుతూ దిగుతుంది, దానితో పాటు జాకీ చక్రాలు కూడా కాస్త దొర్లాలి. రాళ్లలో చక్రాలు ఇరుక్కుంటే పళ్లెం జాకీ మీంచి జారిపోతుంది. ఎవరిదైనా కాంక్రీటు నేల ఉన్న గ్యారేజీ రెండు రోజులు అడిగి తీసుకో. అడగడానికి మొహమాటపడకు.

కారుని చాసీ పట్టీల కింద స్టాండ్ల మీద నిలబెట్టు, జాకీ మీద వదిలేయకు. వెనక చక్రాలకి అడ్డు పెట్టు. రెండు పక్కలూ ఒకేసారి విప్పకు. ఏది ఎటు పెట్టాలో మరిచిపోతే చూసుకోవడానికి రెండో పక్క ఉంటుంది. చక్రం తీశాక యాంటీ రోల్ బార్ లింకు, ట్రాక్ రాడ్ చివర విప్పు. బ్రేకు కాలిపర్ విప్పి తీగతో పైన కట్టు, హోసు మీద వేలాడనివ్వకు. తర్వాత పళ్లెం కింద జాకీ పెట్టి, షాకబ్జార్బరు చెయ్యి దాని కింది రబ్బరు దిమ్మ మీంచి కొంచెం లేచేదాకా ఎత్తు. స్ప్రింగు చుట్లలోంచి ఒక ఇనుప గొలుసు దూర్చి క్రాస్‌మెంబరుకి, అంటే ముందు అడ్డ దూలానికి, కట్టు. అప్పుడు ట్రునియన్ నట్టు స్ప్లిట్ పిన్ను (నట్టు ఊడకుండా దూర్చే పిన్ను), నట్టు, బోల్టు తియ్యి. బోల్టు రాకపోతే షాకబ్జార్బరు చేతుల్ని స్క్రూడ్రైవరుతో పెకలించకు. చేతిని పట్టి ఉంచే క్లాంపు బోల్టు, మధ్య బోల్టు వదులు చేస్తే అదే వస్తుంది. హబ్బుని బయటికి వాల్చి తాడుతో కట్టు. ఇక జాకీని అంగుళం అంగుళం దించు. నీ మొహం, చేతులు స్ప్రింగు ఎదురుగా ఉండకూడదు, పక్కనుంచే పని చెయ్యి.

ఆర్మ్‌లు ఊడిన తర్వాత పివట్ చూడు. ఇన్నేళ్లుగా రబ్బరు నేరుగా దాని మీదే తిరిగింది కాబట్టి తుప్పు గుంటలు పడి ఉంటుంది. పైపైన తుప్పయితే సన్న ఎమరీ పేపరుతో గుండ్రంగా రుద్దు, కొత్త బుష్ లోపలి గొట్టం చేత్తో జారాలి. గోటికి తగిలే గాడి ఉంటే పివట్ మార్చెయ్యి. ఆర్మ్ కన్నం లోపలి పెయింటు, తుప్పు పూర్తిగా గీకెయ్యి. బుష్‌లని రాత్రంతా ఫ్రీజర్‌లో పెడితే కొంచెం సులువవుతుంది. వైస్‌లో రెండు సాకెట్లు పెట్టి నొక్కు: ఒకటి బుష్ బయటి గొట్టం అంచు మీద ఆనేది, రెండోది ఆర్మ్‌కి అవతల, బుష్ దూరేంత వెడల్పుది. బలం బయటి గొట్టం మీదే పడాలి. లోపలి గొట్టం మీదో రబ్బరు మీదో నొక్కితే ఆ అతుకు అక్కడే ఊడుతుంది, పైకి కనబడదు. వంకరగా మొదలైతే తీసి మళ్లీ పెట్టు, సుత్తితో సరిచేయకు. లోపలి గొట్టం రెండు వైపులా సమానంగా బయటికి కనబడేలా ఆపు.

ఇక తిరిగి బిగించడం. నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే, నిదానంగా చదువు.

ఎంతో అనుభవం ఉన్న షెడ్లలో కూడా జరిగే పాత తప్పు ఒకటుంది. కుర్రతనంలో నేనూ చేశాను. బండి స్టాండ్ల మీదే ఉంటుంది, చక్రం వేలాడుతూ ఉంటుంది, పాన చేతికి బాగా అందుతుంది. ఆ హాయిలో పివట్ నట్లు గట్టిగా బిగించేస్తారు. పాత రబ్బరు బుష్‌లతో అలవాటైన చేతికి అందులో తప్పేమీ కనబడదు. ఈ కొత్త బుష్ పనిచేసే తీరే వేరు. నట్టు బిగించగానే లోపలి గొట్టం వాషర్ల మధ్య ఇరుక్కుని పివట్‌కి అంటుకుపోతుంది, ఇక తిరగదు. బయటి గొట్టం ఆర్మ్‌కి అంటుకుని ఉంది. ఆర్మ్ పైకీ కిందికీ కదిలినప్పుడు తిరిగేది ఏదీ ఉండదు, మధ్యలో రబ్బరు ఒక్కటే మెలిపడుతుంది. అందుకని నువ్వు ఏ ఎత్తులో బిగిస్తే ఆ ఎత్తే ఆ రబ్బరుకి విశ్రాంతి.

లెక్క చూడు. 250 మిల్లీమీటర్ల ఆర్మ్ చివర 60 మిల్లీమీటర్లు కిందికి వేలాడితే అది దాదాపు 14 డిగ్రీలు. అలా వేలాడుతుండగా బిగిస్తే, కారు నేలకి దిగగానే రబ్బరు 14 డిగ్రీలు మెలిపడి కూర్చుంటుంది, ఇంటి ముందు ఊరికే ఆగి ఉన్నప్పుడు కూడా. ఆ మీద గతుకు తగిలితే మెలి ఇంకా పెరుగుతుంది. మొదట్లో కారు ముందు భాగం కొంచెం ఎత్తుగా కనబడుతుంది, ఎందుకంటే మెలిపడిన రబ్బరు కూడా ఒక స్ప్రింగులా పైకి నెడుతుంది. కొత్త బుష్‌ల వల్ల బండి లేచిందని సంతోషిస్తారు, ఆ ఎత్తులోనే టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) సరిచేయిస్తారు. కొన్ని నెలలకి రబ్బరు గొట్టం అంచు దగ్గర చిరగడం మొదలవుతుంది, ముందు భాగం దిగుతుంది, టో మారిపోతుంది, టైరు లోపలి అంచు అరుగుతుంది. బుష్‌లు నాసిరకంవని అమ్మినవాణ్ణి తిట్టి, కొత్తవి తెచ్చి, మళ్లీ స్టాండ్ల మీదే బిగిస్తారు.

కాబట్టి స్టాండ్ల మీద ఉండగా నాలుగు పివట్ నట్లూ వేలితో తిప్పి వదిలెయ్యి. స్ప్రింగు పళ్లెం బోల్టులు, కింగ్‌పిన్ కింది బోల్టు అప్పుడే పూర్తిగా బిగించొచ్చు. ఆ బోల్టు మీద ఉన్నది ఇనుప గొట్టం, లోహపు బుష్, అక్కడ మెలిపడే రబ్బరు లేదు. ట్రునియన్‌లో పాలీ వేశావు కాబట్టి అదీ అప్పుడే బిగించు. ఇదంతా రెండు పక్కలా పూర్తయ్యాక చక్రాలు వేసి, నేలకి దించి, చక్రాల నట్లు 60 నుంచి 65 పౌండ్-ఫీట్లకి బిగించు. దించగానే పివట్ నట్ల జోలికి పోకు. కారు దిగేటప్పుడు టైర్లు బయటికి జరగాలి, నేలని పట్టుకుని జరగవు, అందుకని బండి ఇంకా కొంచెం ఎత్తులోనే ఉంటుంది. నెమ్మదిగా ఒక కారు పొడవు ముందుకీ వెనక్కీ దొర్లించు, బానెట్ రెండు మూడుసార్లు నొక్కి వదులు. తర్వాత ముందు చక్రాల్ని ర్యాంపుల మీదికి ఎక్కించు. బరువు చక్రాల మీదే ఉంటుంది, నీకు కింద చోటూ దొరుకుతుంది. అప్పుడు వర్క్‌షాపు మాన్యువల్లో ఉన్న టార్కుకి బిగించి, పిన్ను కన్నం కలవకపోతే నట్టు వెనక్కి తిప్పకుండా ఇంకొంచెం ముందుకే బిగించి, కొత్త స్ప్లిట్ పిన్నులు వెయ్యి. పాత పిన్ను వంచి మళ్లీ వాడకు. నాలుగు పైసల వస్తువు కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు నాన్నా.

వెనక కమాన్ కట్టల సంగతి క్లుప్తంగా. షాకిల్ (కట్ట వెనక కొసని బాడీకి కలిపే లింకు) బుష్‌లు రెండు పక్కలా కలిపి ఎనిమిది సగం ముక్కలు, అరిగితే మార్చు, రబ్బరువే వెయ్యి. మలుపులో కారు ఒరిగినప్పుడు కట్ట కొంచెం మెలి తిరగాలి, అన్నీ గట్టివి వేస్తే ఆ బలం బాడీ మీద పడుతుంది. కట్ట ముందు కన్నంలో ఉన్న బుష్ బాగుంటే ముట్టుకోకు.

రెండు వందల మైళ్లు తిరిగాక అలైన్‌మెంటు చేయించు. ఈ బండికి టో-ఇన్ అంగుళంలో పదహారో వంతు నుంచి ముప్పై రెండింట మూడు వంతుల దాకా, అంటే సుమారు 1.6 నుంచి 2.4 మిల్లీమీటర్లు. ఆధునిక కార్ల లెక్క వాడనివ్వకు.

నన్ను కలవరపెట్టేది ఇంకొకటుంది. 2018 మే నుంచి మీ దేశంలో పెద్ద మార్పులేవీ చేయని 40 ఏళ్లు దాటిన కార్లకి ఎంఓటీ, అంటే ఏటా చేసే వాహన తనిఖీ, తప్పనిసరి కాదు. అంటే నువ్వు బిగించినదాన్ని వేరే కన్ను చూడాలనే నియమం లేదు. నీ మీద నమ్మకం లేక కాదు, తప్పనిసరి కాకపోయినా డబ్బు కట్టి ఒకసారి ఎంఓటీ చేయించు. బండి కిందికి దూరి ఆర్మ్‌లని బారుతో పెకలించి చూసే మనిషి ఒకడు కావాలి.

ట్రునియన్ బోల్టు తీసే ముందు నాకు వీడియో కాల్ చెయ్యి. ఆదివారం మీకు ఉదయం తొమ్మిదంటే ఇక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర, పెద్దమ్మ భోజనం వడ్డించే వేళ. ఆ రోజు పన్నెండుకే తినేసి ఫోన్ దగ్గర కూర్చుంటాను. జాకీ ఎక్కడ ఆనిందో, గొలుసు ఎలా కట్టావో కెమెరాలో చూపించు. సరేనన్నాకే దించు.

మీ
పెదనాన్న