హాలోవీన్‌కి పిల్లల్ని ఏ వీధులకు తీసుకెళ్తే మంచిది?

అమెరికాలో హాలోవీన్‌కి పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ వెళ్లి చాక్లెట్లు అడుగుతారు, దీన్నే ట్రిక్ ఆర్ ట్రీట్ అంటారు. వీధి ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది సైడ్‌వాక్, అంటే రోడ్డు పక్కన నడిచే బాట. రెండు వైపులా సైడ్‌వాక్, వీధి దీపాలు, దగ్గరదగ్గరగా ఇళ్లు ఉన్న సబ్‌డివిజన్ (ఇళ్ల కాలనీ) ఎంచుకోండి. పెద్ద చాక్లెట్లు ఇస్తారన్న ఆశతో ఎకరం స్థలాల బంగళాల వైపు వెళ్తే, చిన్నపిల్లలు పది గుమ్మాలు ఎక్కేసరికే ఎత్తుకోమంటారు. దారి చివర మూసుకుపోయే కల్-డి-సాక్‌లు మేలు, ఆ వీధి మీదుగా వేరేచోటికి పోయే కార్లు ఉండవు.

రెండు మూడు రోజుల ముందే సాయంత్రం ఓ చుట్టు తిరిగి రండి. గుమ్మాల ముందు గుమ్మడికాయలు, డ్రైవ్‌వేల్లో పిల్లల సైకిళ్లు కనిపిస్తే ఆ వీధి ఖాయం చేసుకోవచ్చు. ఆ రోజు పోర్చ్ లైటు ఆర్పేసిన ఇంటి తలుపు తట్టకూడదు. టీల్ రంగు (నీలం, ఆకుపచ్చ కలిసినది) గుమ్మడికాయ పెట్టిన ఇంట్లో తినేవి కాకుండా స్టిక్కర్లు, చిన్న బొమ్మలు కూడా ఉంటాయి. వేరుశనగ అలర్జీ ఉన్న పిల్లలకు ఇది పెద్ద ఊరట.

ఒహాయో, విస్కాన్సిన్‌లలో చాలా ఊళ్లు ట్రిక్ ఆర్ ట్రీట్ వేళల్ని ముందే ప్రకటిస్తాయి, కొన్నిచోట్ల తేదీ అక్టోబర్ 31 కాకపోవచ్చు కూడా. సిటీ వెబ్‌సైట్ చూసుకోండి. గేటెడ్ కమ్యూనిటీకైతే లోపల తెలిసినవాళ్లు పిలిస్తేనే వెళ్లండి.