చదరపు అడుగుల లెక్కతో హీటింగ్ లోడ్ తేలదు

టొరంటోలో కొత్త ఇల్లు కడుతున్న మీ తమ్ముడికి కాంట్రాక్టరు చదరపు అడుగుల లెక్కన హీటర్ సైజు చెప్పాడనీ, ఇన్సులేషన్ గట్టిగా చేసిన ఇంటికి ఆ లెక్క నప్పుతుందా అనీ అడిగారు. నప్పదు. హీటింగ్ లోడ్ అంటే చలిలో ఇంట్లోంచి బయటికి పోయే వేడి, హీటర్ పూడ్చాల్సింది అదే. మాది విశాఖలో మధురవాడ. ఇక్కడ హీటరంటే బాత్రూములో గీజరే. అయినా లెక్క ఒకటే, వేడి నడిచే దిక్కు మారుతుందంతే.

మా ఇల్లు పూర్తికావస్తుండగా ఏసీలు అమ్మే ఆయన వచ్చాడు. చేతిలో టేపు లేదు. గుమ్మంలోనే నిలబడి పడమటి పడగ్గదిని ఒక చూపు చూసి, "రెండు టన్నులు వేయించండి సార్, తిరుగుండదు" అన్నాడు. గోడలు ఏఏసీ బ్లాకులవని (గాలి బుడగలున్న తేలికపాటి సిమెంటు ఇటుకలు) చెబితే వేలి కణుపుతో రెండుసార్లు తట్టి, "ఏ గోడైనా ఎండకు కాలేదే కదా సార్" అని నవ్వాడు. నాన్నగారూ ఆయన పక్షమే. "పెద్దది వేస్తే పోయేదేముందిరా!"

పోయేది చాలానే ఉంది. ఆ పడమటి గోడ పది చదరపు మీటర్లు. తొమ్మిదంగుళాల ఇటుక గోడకు యు-విలువ (ఒక డిగ్రీ తేడాకు చదరపు మీటరులోంచి దాటే వేడి, వాట్లలో) సుమారు 2, కాబట్టి 10 డిగ్రీల తేడాకు 200 వాట్ల వేడి లోపలికి వస్తుంది. ఎనిమిదంగుళాల ఏఏసీకి 75 వాట్లు. టన్ను ఏసీ లాగేసేది దాదాపు 3,500 వాట్లు. దాని ముందు గోడ ఏపాటి? అసలు దొంగ కిటికీ. సాయంత్రపు ఎండ సూటిగా పడితే అద్దం చదరపు మీటరుకు వందల వాట్లు లోపలికి వదులుతుంది. పొద్దువాలాక వచ్చే ఎండను సజ్జా ఆపలేదు, అందుకే కిటికీ బయట వెదురు తడిక కట్టించాను. టన్ను ఏసీ సరిపోయింది. రెండు టన్నులదైతే గది ఇట్టే చల్లబడి కంప్రెసర్ ఆగిపోతుంది, తేమ మాత్రం అలాగే ఉంటుంది. చల్లగానే ఉంటుంది, దుప్పటి మాత్రం ఒంటికి అంటుకుంటుంది.

రుషికొండ వైపు నిలువెత్తు అద్దాలు బిగించి గ్రీన్ ఫ్లాట్లని అమ్ముతుంటే ఒళ్ళు మండుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను ఊళ్ళో అద్దాలను ఏం చేసిందో అప్పుడే మరిచిపోయారా?

మీ తమ్ముడి సంగతి. బయట మైనస్ 19, లోపల 21 అనుకుంటే తేడా 40 డిగ్రీలు. వంద చదరపు మీటర్ల గోడ, యు-విలువ 0.2 అయితే పోయే వేడి 800 వాట్లు. ఇరవై చదరపు మీటర్ల మంచి కిటికీలు, 1.2 చొప్పున, 960 వాట్లు. పైకప్పు, నేల కూడా ఇలాగే వేసుకోవాలి. ఇక గాలి: 400 ఘనపు మీటర్ల ఇంట్లో గంటకు 0.3 వంతు గాలి మారితే, 400ను 0.3తోనూ, 0.33తోనూ (ఘనపు మీటరు గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి పట్టే వాట్-గంటలు), 40తోనూ గుణించండి, సుమారు 1,600 వాట్లు. గోడలు బాగుపడేకొద్దీ సందుల్లోంచి పోయే గాలే పెద్దపద్దు అవుతుంది. చదరపు అడుగుల లెక్కలో దీనికి చోటే లేదు. ఎండనూ మనుషుల ఒంటి వేడినీ ఈ లెక్కలో కలపకూడదు, గడ్డకట్టే చలి తెల్లవారుజామున కదా ఉండేది. మనకైతే అవి రెండూ నెత్తిన పడే బరువే.

కెనడాలో ఇళ్ళ హీటింగ్ లెక్కకు ఎఫ్280 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం వేసిన కాగితం కాంట్రాక్టరును అడగమనండి. అందులో గదివారీ లెక్క, కిటికీల యు-విలువ, గాలి మారే రేటు రాసి లేకపోతే ఇంకొకరిని చూసుకోమనండి.