పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: బల్ల మీద జీలం యుద్ధం

ప్రాచీన కాలపు యుద్ధాలను చిన్న చిన్న బొమ్మల సేనలతో బల్ల మీద మళ్ళీ నడిపించే ఆటను గురించి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో అయిదింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాము. రెండవ ప్రశ్నకు జవాబు మిగిలినవాటికంటె బాగా పెద్దది. ఆ యుద్ధం అంటే జవాబు రాసినవారికి ఉన్న మక్కువే అందుకు కారణమని పాఠకులు గ్రహించి మన్నించాలి.

ప్రశ్న: మా మనవడు వేలెడంత కూడా లేని ప్లాస్టిక్ సైనికులను గళ్ళు లేని బల్ల మీద పరిచి, టేపుతో కొలుచుకుంటూ, పాచికలు వేస్తూ గంటల తరబడి ఆడుతున్నాడు. దీనిని చదరంగంలో ఒక రకమని అనుకోవచ్చునా?
(విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి)

జవాబు: చదరంగానికి దూరపు చుట్టమే గాని, పోలికలు మాత్రం మన పులి మేక ఆటతోనే ఎక్కువ. చదరంగంలో ఇరువైపులా బలగం సమానం. పులి మేకలో మూడు పులులకు ఎదురుగా పదిహేను మేకలుంటాయి, వాటి నడక వేరు, గెలుపు అనే మాటకు అర్థమూ వేరు. బల్ల మీది యుద్ధాలలో సేనలు ఇలాగే ఎక్కుతక్కువగా ఉంటాయి. చదరంగంతో ఉన్న రెండవ తేడా ఇంకా ముఖ్యమైనది. అక్కడ మీరు కదపదలచిన పావు తప్పకుండా కదులుతుంది. ఇక్కడ సేనాని ఆజ్ఞ సేన చివరిదాకా చేరుతుందన్న భరోసా లేదు. 1990లో ఫిల్ బార్కర్, రిచర్డ్ బోడ్లీ స్కాట్ కలిసి ప్రకటించిన డీబీఏ అనే నియమావళిలో ఒక్కొక్క సేనకు పన్నెండు దళాలే ఉంటాయి. ప్రతి వంతులోనూ ఆటగాడు ఒక పాచిక వేస్తాడు. ఎన్ని చుక్కలు పడితే అన్ని దళాలను, లేదా ఒకదానినొకటి అంటి నిలిచిన అన్ని దళాల గుంపులను మాత్రమే కదపగలడు. ఒక్క చుక్క పడిన రోజున, సేనను ముక్కలు కానివ్వకుండా ఒకే వరుసగా నిలిపిన వాడు బ్రతికిపోతాడు.

ఇక పుట్టుక సంగతి. ప్రష్యాలో రైస్విట్జ్ అనే అధికారి తన తండ్రి మొదలుపెట్టిన ఆటను మెరుగుపరచి 1824లో ప్రకటించగా, అది అక్కడి సైనికాధికారుల శిక్షణలో భాగమయింది. 1913లో ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ బొమ్మ సైనికులతో ఇంట్లో ఆడుకునేందుకు నియమాలను పుస్తకంగా వేశాడు. ప్రాచీన యుద్ధాల మీదనే మనసు పెట్టినవారు బ్రిటన్‌లో 1965లో సొసైటీ ఆఫ్ ఏన్షియంట్స్ అనే సంఘాన్ని స్థాపించుకున్నారు. కాబట్టి మీ మనవడిది పిల్లలాటే అయినా, దానిని పెంచి పోషించినవారు పెద్దవాళ్ళే.

ప్రశ్న: నేను చరిత్ర విద్యార్థిని. అలెగ్జాండర్‌కు, పురుషోత్తముడని మనం చదువుకున్న పోరస్‌కు మధ్య జరిగిన యుద్ధాన్ని మా కళాశాలలో బల్ల మీద ప్రదర్శించాలని ఉంది. ఎన్ని బొమ్మలు కావాలి? వాటిని ఎలా నిలపాలి?
(డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ)

జవాబు: క్రీ.పూ. 326లో జీలం నది ఒడ్డున జరిగిన ఈ యుద్ధాన్ని ఎంచుకోవడం మంచి ఆలోచన. అయితే బొమ్మలు కొనక ముందే లెక్కలు వేసుకోవాలి, ఎందుకంటే మన ఆధారాలు ఒకదానితో ఒకటి పొసగవు. పోరస్ వద్ద 30,000 కాల్బలం, 4,000 గుర్రాలు, 300 రథాలు, 200 ఏనుగులు ఉన్నాయని గ్రీకు చరిత్రకారుడు ఆరియన్ రాశాడు. మరో గ్రీకు చరిత్రకారుడు డయొడోరస్ చెప్పిన ఏనుగులు 130, రోమన్ చరిత్రకారుడు కర్టియస్ చెప్పినవి 85. వీరు ముగ్గురూ యుద్ధం జరిగిన దాదాపు మూడు వందల నుంచి నాలుగున్నర వందల ఏళ్ళ తరువాత, పాత గ్రంథాలను ముందు పెట్టుకొని రాసినవారే.

ఈ ముగ్గురిలో ఎవరిని నమ్మాలన్న ప్రశ్నకు బల్లే కొంత జవాబు చెబుతుంది. ఏనుగుకూ ఏనుగుకూ మధ్య ఒక ప్లెత్రాన్, అంటే సుమారు 30 మీటర్లు, ఎడం ఉండేలా పోరస్ వరుస తీర్చాడని ఆరియన్ అంటాడు. 200 ఏనుగులను అలా నిలిపితే వరుస 6 కిలోమీటర్లు సాగుతుంది. మీ బల్ల 180 సెంటీమీటర్ల పొడవుంటే, రెండు పార్శ్వాలలో గుర్రాలు తిరగడానికి చోటు వదలగా ఏనుగుల వరుసకు 120 సెంటీమీటర్లు మిగులుతాయి. అప్పుడు ఒక సెంటీమీటరు 50 మీటర్లతో సమానం. ఆ కొలతలో 28 మిల్లీమీటర్ల బొమ్మ సైనికుడు దాదాపు రెండు కుతుబ్ మినార్లను ఒకదాని మీద ఒకటి నిలిపినంత పొడగరి అవుతాడు! బొమ్మల ఎత్తుకూ నేల కొలతకూ పొత్తు కుదరకపోవడం ఈ ఆటలో అందరూ ఒప్పుకున్న అబద్ధమే గాని, ఒక్క సేనాని పర్యవేక్షణలో 6 కిలోమీటర్ల వరుస నడిచిందనుకోవడం నాకు కష్టంగా ఉంది. 85 ఏనుగులైతే వరుస రెండున్నర కిలోమీటర్లు. నేను ఆడేటప్పుడు ఆ అంకెనే తీసుకుంటాను.

కనుక పోరస్‌కు పదేసి ఏనుగులకు ఒకటి చొప్పున ఎనిమిది ఏనుగు బొమ్మలు, 75 రథాలకు ఒకటి చొప్పున నాలుగు రథాలు, 500 మంది రౌతులకు ఒకటి చొప్పున ఎనిమిది ఆశ్విక దళాలు పెట్టండి. ఆరియన్ ప్రకారం అలెగ్జాండర్‌తో నది దాటినవారు సుమారు 6,000 కాల్బలం, 5,000 ఆశ్వికులు. అదే కొలతలో పన్నెండు పదాతి దళాలు, పది ఆశ్విక దళాలు అవుతాయి. పోరస్ పదాతిని కూడా 500కు ఒక దళంగా లెక్కిస్తే అరవై దళాలై బల్ల మీద కాలు పెట్టడానికి చోటుండదు; పైగా మాసిడోనియా బల్లెగాళ్ళంత సుదీర్ఘ శిక్షణ వారికి ఉందని అనుకోవడానికి ఆధారం లేదు. 1,500 మందిని ఒక దళంగా తీసుకొని ఇరవైతో సరిపెట్టండి. శిక్షణ తక్కువైన చోట ఒక దళంలో ఎక్కువ మందిని చూపడం ఈ ఆటలో వాడుకలో ఉన్న ఉపాయమే.

నేల విషయంలో మాత్రం తొందరపడవద్దు. అలెగ్జాండర్ తన శిబిరానికి ఎగువన 150 స్టేడియాల దూరంలో, అంటే దాదాపు 27 కిలోమీటర్ల ఆవల, ఉరుములతో వాన కురుస్తున్న రాత్రి నది దాటాడు. అడ్డుకోవడానికి 2,000 గుర్రాలతో, 120 రథాలతో వచ్చిన పోరస్ కుమారుడి రథాలు బురదలో దిగబడ్డాయి. అది చూసిన పోరస్ ప్రధాన సేనను ఇసుక కలిసిన, చదునైన గట్టి నేల మీద నిలిపాడని ఆరియన్ చెబుతాడు. కాబట్టి బల్ల మొత్తానికి ఒకే బురద రంగు గుడ్డ పరచి, రథాలన్నింటికీ ఒకే నియమం పెట్టడం సరికాదు. వాన దెబ్బ విలుకాండ్రకు కూడా తగిలింది. మన వింటి పొడవు మనిషి ఎత్తంత ఉండేదనీ, దాని కొనను నేలకు ఆనించి ఎడమకాలితో అదిమి ఎక్కుపెట్టేవారనీ ఆరియన్ వేరొక చోట వర్ణించాడు. జారే నేల మీద ఆ పని ఎలా సాగుతుంది? తొలి రెండు వంతులలో పోరస్ విలుకాండ్ర పాచిక నుంచి ఒకటి తగ్గించండి.

వ్యూహం: పోరస్ సేనకు ముందు వరుసలో ఏనుగులు, వాటి వెనుకా సందులలోనూ పదాతి, రెండు చివరలా గుర్రాలు, గుర్రాల ముందు రథాలు. అలెగ్జాండర్ ఆశ్వికబలంలో ఎక్కువ భాగం పోరస్ ఎడమ పార్శ్వానికి ఎదురుగా ఉండాలి. ఏనుగు వాసన అలవాటు లేని గుర్రాలు వాటి దగ్గరకు పోవు గనుక, గుర్రాలు ఏనుగులను నేరుగా తాకరాదన్న నియమం తప్పదు. అలెగ్జాండర్ పథకమంతా ఈ ఒక్క ఇబ్బంది చుట్టూనే తిరుగుతుంది. ముందుగా గుర్రపు విలుకాండ్రు బాణాలు కురిపించారు, తరువాత అతడు స్వయంగా పార్శ్వాన్ని తాకాడు, అతడి సేనాని కోయినస్ దళం భారతీయ ఆశ్వికుల వెనుకకు వచ్చి పడింది. రెండు దిక్కులా పోరాడవలసి వచ్చిన ఆ ఆశ్వికులు ఏనుగుల మధ్యలోకి వెనుదిరిగారు. ఇరుకున పడి, మావటీలను పోగొట్టుకొని, గాయపడిన ఏనుగులు తమవారినీ పరాయివారినీ తేడా లేకుండా తొక్కాయి. అందుచేత ఓడిన ప్రతి ఏనుగుకూ ఒక పాచిక వేసి, అది ఏ దిక్కుకు పరుగెత్తుతుందో తేల్చాలి. మీ ప్రదర్శనలో చూపరులు ఎక్కువగా గుమికూడేది ఆ పాచిక దగ్గరే.

రాత్రివేళ నది దాటిన ఘట్టాన్ని కూడా చూపదలిస్తే ఒక మధ్యవర్తిని పెట్టుకొని, ఇరువర్గాలకూ వేరువేరు పటాలు ఇచ్చి, ఎవరికి కనిపించేది వారికే చెప్పించండి. రైస్విట్జ్ కాలం నుంచీ ఉన్న పద్ధతి అది. మొదటిసారి ఆడేవారు మాత్రం సేనలు ఎదురుపడిన క్షణం నుంచే మొదలుపెట్టడం మేలు.

ప్రశ్న: మిత్రులతో ఇదే యుద్ధాన్ని ఆరుసార్లు ఆడాను, ప్రతిసారీ పోరస్ పక్షం నాదే, ప్రతిసారీ ఓడాను. ఫలితం ముందే తెలిసిన యుద్ధాన్ని ఆడడంలో అర్థమేమిటి?
(సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డల్లాస్)

జవాబు: నేనూ పోరస్ పక్షాన గెలిచిన ఆటలు ఒక చేతి వేళ్ళకు మించవు గనుక మీ బాధ అర్థమయింది. అయితే ఆరింట ఆరూ ఓడిపోతున్నారంటే లోపం మీలో ఉండవచ్చు, నియమాలలోనూ ఉండవచ్చు. నియమావళి అంటే, ఆ యుద్ధం ఎందుకు అలా ముగిసిందో దానిని రాసినవారికి ఉన్న అభిప్రాయం. ఏనుగుల బలాన్ని ఒక్క అంకె పెంచితే పోరస్ గెలుస్తాడు, ఒక్క అంకె తగ్గిస్తే అవి కదిలే దిబ్బలవుతాయి. చరిత్రలో వచ్చిన ఫలితం తరచుగా రావాలి, ఎప్పుడూ అదే రాకూడదు. ఈ కొలతకు నిలవని నియమాలను సవరించుకొనే హక్కు మీకుంది.

రెండవ మార్గం, గెలుపుకు అర్థం మార్చడం. సేన నిలవడమే పోరస్ లక్ష్యం అనుకోండి: పదవ వంతు ముగిసేసరికి సగం ఏనుగులు నిలిచి ఉంటే, లేదా అలెగ్జాండర్ ఆశ్వికబలంలో మూడింట ఒక భాగం పోతే, గెలుపు మీదే. మరొక పద్ధతి ఇంకా న్యాయమైనది. ఒకే సాయంత్రం పక్షాలు మార్చుకొని రెండుసార్లు ఆడి, పోరస్‌గా ఎవరు ఎక్కువసేపు నిలిచారో పోల్చండి. ఏడవసారి కూడా మీ మిత్రులు అలెగ్జాండర్‌ను వదులుకోకపోతే, అది యుద్ధతంత్రానికి సంబంధించిన సమస్య కాదు.

ప్రశ్న: అశోకుడి కళింగ యుద్ధాన్ని బల్ల మీద ఆడగలమా?
(పాఠకుడు, అనంతపురం)

జవాబు: ఆడవచ్చు గాని, అది మీ కల్పన అవుతుంది. మీకు దగ్గరలోని ఎర్రగుడిలో కూడా చెక్కిన అశోకుడి ప్రధాన శిలాశాసనాలలో 13వది ఈ యుద్ధాన్ని గురించే చెబుతుంది: లక్షన్నర మందిని తరలించుకుపోయారు, లక్షమంది హతులయ్యారు, అంతకు ఎన్నో రెట్లు మరణించారు. ఎవరు ఏ పార్శ్వాన నిలిచారో, ఏనుగులెన్నో, ఎంతసేపు పోరాడారో అందులో ఒక్క ముక్క లేదు. పశ్చాత్తాపంతో చెక్కించిన శాసనంలో అవి ఉండాలని ఆశించనూ కూడదు. యుద్ధఫలితం మాత్రమే తెలిసి, యుద్ధం నడిచిన తీరు తెలియని చోట పునఃప్రదర్శన అన్న మాట వాడకుండా, మౌర్యుల కాలపు సేనలతో ఊహాయుద్ధం అని చెప్పి ఆడండి. మహాభారతంలోని అక్షౌహిణి లెక్కను ఆధారం చేసుకోవాలని కొందరు అడుగుతుంటారు. 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 కాల్బలం. ఒక రథానికి ఒక ఏనుగు, మూడు గుర్రాలు, అయిదుగురు పదాతులు అన్న ఆ నిష్పత్తి చూడముచ్చటగా ఉన్నా, జీలం ఒడ్డున పోరస్ నిలిపిన సేనతో దానికి పోలిక లేదు.

ప్రశ్న: విదేశీ బొమ్మలు కొనే స్తోమత లేదు. మా ఇంట్లో బొమ్మల కొలువుకు పెట్టే కొండపల్లి అంబారీ ఏనుగులున్నాయి. వాటితో పోరస్ సేనను నిలపవచ్చునా?
(గృహిణి, రాజమహేంద్రవరం)

జవాబు: కొలువు బొమ్మలు సాధారణంగా బల్లకు మించిన పరిమాణంలో ఉంటాయి, పాచికలు విసిరేచోట రంగులూడితే సంక్రాంతికి మీరే బాధపడతారు. కొలువు వాటికే వదిలేయండి. దళసరి అట్టను నాలుగు సెంటీమీటర్ల వెడల్పు ముక్కలుగా కోసి, పదాతికి ఒక రంగు, గుర్రాలకు ఒక రంగు, రథాలకు ఒక రంగు వేసుకుంటే ఖర్చు దాదాపు లేకుండానే సేన తయారవుతుంది; నియమాలకు కావలసింది దళం వెడల్పే గాని బొమ్మ అందం కాదు. ఏనుగులు మాత్రం ఎత్తుగా కనబడాలని మీకుంటే, కొండపల్లి పనివారు తెల్లపొణికి ముక్కలను అతికేందుకు వాడే మక్కును, అంటే చింతగింజల పొడిని, రంపపు పొట్టును కలిపిన ముద్దను, చేసుకొని బొటనవేలంత ఏనుగులను మలచండి. వాటి మీద అంబారీ పెట్టకండి. ఏనుగు మీద బురుజు కట్టిన సాక్ష్యాలు పోరస్ తరువాతి తరాలకు చెందినవి. మావటి, ముగ్గురు విలుకాండ్రు కలిసి ఒక యుద్ధగజం మీద నలుగురు ఉండేవారని మెగస్తనీస్ చెప్పాడు గనుక, నాలుగు ఆవగింజలంత తలలు చాలు.