పెట్టించుకున్న కిడ్నీకి సూది పరీక్ష ఎందుకు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా ఆయనకు 14 నెలల కిందట కిడ్నీ మార్పిడి జరిగింది. మా అత్తగారే కిడ్నీ ఇచ్చారు. ఇన్నాళ్ళూ క్రియాటినిన్ 1.2 దగ్గర నిలకడగా ఉంది. ఈ నెల 1.7 వచ్చింది. వారం తర్వాత మళ్ళీ చేయిస్తే 1.8. మనిషి బాగానే తిరుగుతున్నారు, మూత్రం బాగానే వస్తోంది. అయినా బయాప్సీ (సూదితో కిడ్నీ ముక్క తీసి చూసే పరీక్ష) చేయాలంటున్నారు. ఉన్నదే ఒక్క కిడ్నీ, అదీ ఎంతో కష్టం మీద దక్కింది. దానికి సూది గుచ్చితే పాడవదా? ముందు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చి చూడొచ్చు కదా?
– ఒక పాఠకురాలు, పలాస

జవాబు: అమ్మా, మీ చివరి మాటతోనే మొదలుపెడతాం. క్రియాటినిన్ అంటే కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం, కిడ్నీ పని తగ్గితే రక్తంలో అది పెరుగుతుంది. 1.8 అనే అంకె కిడ్నీకి ఏదో ఇబ్బంది వచ్చిందని చెబుతుంది, ఏం ఇబ్బందో చెప్పదు. మార్పిడి తర్వాత తొలి రెండేళ్ళలో దీని వెనక ఎక్కువగా మూడు కారణాలు కనిపిస్తాయి. ఒంట్లోని రోగనిరోధక కణాలు కొత్త కిడ్నీ మీద తిరగబడటం, అంటే రిజెక్షన్, మొదటిది. రెండోది బీకే వైరస్. చాలామంది ఒంట్లో చిన్నప్పటి నుంచీ నిద్రపోతూ ఉండే ఈ వైరస్, రిజెక్షన్ రాకుండా రోగనిరోధక శక్తిని తగ్గించే మందుల వల్ల లేచి కిడ్నీలో పెరుగుతుంది. మూడోది, రిజెక్షన్ రాకుండా రోజూ వేసుకునే టాక్రోలిమస్ మాత్రే మోతాదు ఎక్కువై కిడ్నీని దెబ్బతీయడం.

మొదటిదానికి మందుల బలం పెంచాలి. మిగతా రెండింటికీ తగ్గించాలి. రిజెక్షనేమోనన్న ఊహతో మిథైల్ ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ 500 మిల్లీగ్రాముల చొప్పున మూడు రోజులు ఎక్కించారనుకోండి. లోపల ఉన్నది బీకే వైరస్ అయితే దానికి మనమే దారి తెరిచినట్టవుతుంది. వైరస్ అనుకుని మందులు తగ్గిస్తే, అక్కడ రిజెక్షన్ ఉంటే, కిడ్నీని చేజేతులా వదులుకున్నట్టే. పైకి చూస్తే ఈ మూడు రకాల రోగులూ ఒకేలా ఉంటారు. జ్వరం ఉండదు, నొప్పి ఉండదు, మూత్రం మామూలుగానే వస్తుంది. ఇప్పటి మందులు వచ్చాక రిజెక్షన్‌లో కిడ్నీ వాచి నొప్పి పుట్టడం అరుదైపోయింది. కాబట్టి మనిషి బాగా తిరుగుతున్నారన్నది చూసి పరీక్షను వెనక్కి నెట్టకండి. మామూలుగా ఉండే అంకె మీద నాలుగో వంతు పెరిగి, మళ్ళీ చేసినా దిగకపోతే బయాప్సీ గురించి ఆలోచిస్తారు. 1.2 ఉన్న మనిషికి 1.5 దగ్గరే ఆ గీత దాటినట్టు.

సూదికి ముందు తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. టాక్రోలిమస్ స్థాయి చూడాలి. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు, పొద్దుటి మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. ముందే మింగి ఇస్తే అంకె అబద్ధం చెబుతుంది. ఈమధ్య విరేచనాలు అయ్యాయా? విరేచనాల్లో ఒంట్లో నీరు తగ్గడమే కాదు, టాక్రోలిమస్ స్థాయి కూడా పెరుగుతుంది. ఫంగస్‌కి ఫ్లుకోనజోల్, దగ్గుకి క్లారిథ్రోమైసిన్ ఎవరైనా రాశారా? అవీ పెంచుతాయి, పంపర పనస కూడా పెంచుతుంది. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్ బాగా తగ్గించేస్తాయి. మోకాళ్ళ నొప్పికని మందుల షాపులో తెచ్చుకున్న డైక్లోఫినాక్, ఎవరో ఇచ్చిన నాటుమందు, మధ్యలో మానేసిన మాత్రలు, షాపువాడు మార్చి ఇచ్చిన కంపెనీ... ఏదున్నా దాచకుండా చెప్పండి. తిడతారని దాచినవాళ్ళే ఎక్కువ నష్టపోతారు. వీటితోపాటు మూత్రం కల్చర్, రక్తంలో బీకే వైరస్ పీసీఆర్, కిడ్నీకి డాప్లర్ స్కాన్ (రక్తం పారే తీరు కూడా చూపే స్కాన్) చేస్తారు. మూత్రనాళం ఇరుకై కిడ్నీ ఉబ్బినా, రక్తనాళం సన్నబడినా స్కాన్‌లోనే దొరుకుతుంది, అప్పుడు సూది అవసరమే రాకపోవచ్చు.

ఇక మీ భయం గురించి. పెట్టిన కిడ్నీ పొత్తికడుపులో ఒక పక్కన, గజ్జకు కాస్త పైన, చర్మానికి దగ్గరగా ఉంటుంది. చేత్తో తడిమితే తెలుస్తుంది. సొంత కిడ్నీల బయాప్సీకి బోర్లా పడుకోబెట్టి వీపు వైపు నుంచి వెళ్ళాలి. ఇక్కడ వెల్లకిలా పడుకుంటే చాలు, సూది వెళ్ళే దారి అంతా స్కాన్ తెర మీద కనిపిస్తూనే ఉంటుంది. తీసేది సేమ్యా పుల్లంత ముక్క: సుమారు ఒక మిల్లీమీటరు లావు, ఒకటిన్నర సెంటీమీటర్ల పొడవు, అలాంటివి రెండు. ఒక కిడ్నీలో రక్తాన్ని వడగట్టే జల్లెడ గుత్తులు సుమారు పది లక్షలు ఉంటాయి. ఈ రెండు పుల్లల్లో పోయేవి ఇరవయ్యో ముప్పయ్యో. కిడ్నీ పనిలో ఆ తేడా కనిపించదు. రక్తస్రావం భయం మాత్రం నిజమైనదే. అయితే రక్తం ఎక్కించాల్సి రావడం నూటికి ఒకరికన్నా తక్కువమందిలో. సూది వల్ల కిడ్నీయే పోవడం చాలా చాలా అరుదు.

బయాప్సీ రోజు పొద్దున పరగడుపున రమ్మన్నారని బీపీ మాత్ర మానేసి వస్తారు చాలామంది. అదే పెద్ద పొరపాటు. బీపీ 160/100 దాటితే రక్తం కారే ప్రమాదం పెరుగుతుంది, పరీక్ష వాయిదా పడుతుంది. గుక్కెడు నీళ్ళతో బీపీ మాత్ర వేసుకునే వెళ్ళాలి. షుగరు మందు, ఇన్సులిన్ మాత్రం పరగడుపుకు తగ్గట్టు ఎంత తీసుకోవాలో ముందురోజే అడిగి పెట్టుకోండి. రక్తం సరిగ్గా గడ్డకడుతుందో లేదో చెప్పే ప్లేట్‌లెట్లు, ఐఎన్ఆర్ రిపోర్టులు చేతిలో ఉంచుకోండి.

బల్ల మీద పడుకోబెట్టి, స్కాన్‌లో చోటు గుర్తుపెట్టి, మొద్దుబారేలా లిగ్నోకెయిన్ ఇంజెక్షన్ ఇస్తారు. ఆ మంట అర నిమిషం ఉంటుంది. మార్పిడిలో నరాలు తెగిపోతాయి కాబట్టి కొత్త కిడ్నీకి నొప్పి పెద్దగా తెలియదు. తెలిసేది పై చర్మానికీ కండకీ, అవే మొద్దుబారుతాయి. తర్వాత స్ప్రింగుతో పనిచేసే సూది. కాగితాలకు పిన్ను కొట్టినట్టు ‘టక్’మంటుంది. ఆ చప్పుడుకే ఉలిక్కిపడి కదులుతారు, కదిలితే సూది దారి తప్పుతుంది. అందుకే ముందు ఒకసారి గాల్లో నొక్కి ఆ చప్పుడు వినిపించమని మీ ఆయన అడగాలి. సూది దిగే క్షణంలో ఊపిరి బిగబట్టమంటారో మామూలుగా పీల్చమంటారో, చెప్పినట్టు చేయాలి. అంతా కలిపి 20 నిమిషాల పని.

ఆ తర్వాతి ఆరు గంటలే అసలు కాపలా. గట్టిగా అదిమి పట్టి, ఇసుక సంచి పెట్టి, వెల్లకిలా కదలకుండా ఉంచుతారు. మొదటి గంట 15 నిమిషాలకోసారి బీపీ, నాడి చూస్తారు. మూత్రం పోసిన ప్రతిసారీ వేరే సీసాలో పట్టి, వరసగా కిటికీ దగ్గర వెలుతురులో పెట్టండి. మొదటిది లేత గులాబీ రంగులో ఉండి, తర్వాతివి పలచబడుతూ పోతే భయం లేదు. ఒకదాన్ని మించి ఒకటి ఎర్రబడుతుంటే వెంటనే సిస్టర్‌ను పిలవాలి. ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉండటం మంచిది. ఇంటికెళ్ళాక రెండు వారాలు ఐదు కిలోలు మించిన బరువు ఎత్తకూడదు. వారం పాటు బైకు, గతుకుల రోడ్డులో ఆటో వద్దు. మలబద్ధకం రాకుండా చూసుకోవాలి, ముక్కితే కడుపులో ఒత్తిడి పెరుగుతుంది. చలవ చేస్తుందని కొబ్బరినీళ్ళు పట్టించకండి. క్రియాటినిన్ పెరిగి ఉన్నప్పుడు అందులోని పొటాషియం గుండెకు చేటు.

పొరుగువాళ్ళ మాటలు విని నెల ఆగుదామనుకుంటే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. కిడ్నీలో వాపు ఉన్నంతవరకు మందుకు తగ్గుతుంది. ఆ వాపు మచ్చగా మారాక దాన్ని వెనక్కి తెచ్చే మందు లేదు.

ప్రశ్న: నాకు గుండెకు స్టెంట్ వేశారు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వాడుతున్నాను. బయాప్సీకి ఎన్ని రోజుల ముందు మానాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీ అంతట మీరు ఒక్క రోజు కూడా మానకండి. రక్తం గడ్డకట్టకుండా చేసే ఈ మాత్రలను మామూలుగా 5 నుంచి 7 రోజుల ముందు ఆపుతారు. స్టెంట్ వేసి ఎక్కువ కాలం కాకపోతే ఆపడమే ప్రాణం మీదికి రావచ్చు. గుండె డాక్టరు, కిడ్నీ డాక్టరు మాట్లాడుకుని తేల్చాల్సిన విషయం ఇది. బయాప్సీ తప్పనిసరై, ఆగడానికి వీల్లేకపోతే ఆస్పిరిన్ మీద ఉండగానే చేస్తారు. ఎవరి దగ్గరికి వెళ్ళినా స్టెంట్ వేసిన తేదీ రాసి ఉన్న డిశ్చార్జి కాగితం చూపించండి.

ప్రశ్న: మార్పిడి జరిగి మూడు నెలలైంది. క్రియాటినిన్ 1.1, మూత్రంలో ప్రొటీన్ లేదు. అయినా మా సెంటర్లో అందరికీ మూడో నెలలో బయాప్సీ చేస్తామంటున్నారు. హైదరాబాద్‌లో ఇదే ఆపరేషన్ చేయించుకున్న మా పెదనాన్నగారికి అలా చేయలేదు. అవసరమా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: దీన్ని ప్రొటోకాల్ బయాప్సీ అంటారు. క్రియాటినిన్ కదలకముందే లోపల రిజెక్షన్ మొదలై ఉండొచ్చు, దాన్ని ముందుగా పట్టుకోవడానికి చేస్తారు. కొన్ని సెంటర్లు అందరికీ చేస్తాయి, కొన్ని అసలు చేయవు. రెండు పద్ధతులకూ అనుభవజ్ఞుల మద్దతు ఉంది. మా అభిప్రాయం అడిగితే: మార్పిడికి ముందే ఒంట్లో పరాయి కణజాలం మీద దాడిచేసే యాంటీబాడీలు ఉన్నవారు, ఇంతకుముందు పెట్టించుకున్న ఒక కిడ్నీని పోగొట్టుకున్నవారు, స్టెరాయిడ్ మానేసినవారు తప్పక చేయించుకోవాలి. అవేవీ లేకపోతే, ముక్కలో ఏం కనిపిస్తే మందు మారుస్తారో మీ డాక్టరును అడగండి. స్పష్టమైన జవాబు వస్తే చేయించుకోండి. మీ పెదనాన్నగారి విషయంలో మాత్రం పొరపాటేమీ జరగలేదు.

ప్రశ్న: నా రిపోర్టులో ‘బోర్డర్‌లైన్, ఐ1, టి1, వి0, జి0, పీటీసీ0, సీఐ1, సీటీ1, సీ4డీ నెగెటివ్, ఎస్‌వీ40 నెగెటివ్’ అని ఉంది. డాక్టరుగారిని కలవడానికి ఇంకా నాలుగు రోజులుంది, నిద్ర పట్టడం లేదు.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఈ అక్షరాలు బాన్ఫ్ పద్ధతివి. కెనడాలోని బాన్ఫ్ అనే ఊళ్ళో 1991లో నిపుణులు కూర్చుని, ప్రపంచమంతా ఒకే భాషలో రిపోర్టు రాసేలా మొదలుపెట్టారు. అంకెలు 0 నుంచి 3 వరకు. సున్నా అంటే లేదని, 3 అంటే తీవ్రమని.

‘ఐ’ అంటే కిడ్నీ కణజాలం మధ్యలో చేరిన వాపు కణాలు. ఐ1 అంటే పదో వంతు నుంచి నాలుగో వంతు మేర. ‘టి’ అంటే ఆ కణాలు మూత్రం నడిచే సన్నని గొట్టాల గోడల్లోకి చొరబడటం. టి1 అంటే ఒక్కో గొట్టంలో నాలుగుకు మించలేదు. ‘వి’ ధమని గోడకు సంబంధించింది, మీకు సున్నా. అది చాలా మంచి కబురు. ‘జి’, ‘పీటీసీ’, ‘సీ4డీ’ మూడూ యాంటీబాడీల దాడికి గుర్తులు, మూడూ లేవు. ఎస్‌వీ40 నెగెటివ్ అంటే ఈ ముక్కలో బీకే వైరస్ కనబడలేదు. ‘సీఐ’, ‘సీటీ’ పాత మచ్చలు. 1 అంటే నాలుగో వంతుకు లోపే.

మొత్తం మీద రిజెక్షన్ గడప దగ్గర నిలబడి ఉంది, లోపలికి రాలేదు. క్రియాటినిన్ పెరిగి ఉంటే ఎక్కువమంది డాక్టర్లు మూడు రోజుల స్టెరాయిడ్ ఇచ్చి, టాక్రోలిమస్ స్థాయి సరిచేస్తారు. అంకె నిలకడగా ఉంటే మందులు సర్ది గమనించడమూ ఉంది. స్టెరాయిడ్ ఎక్కించే రోజుల్లో షుగరు అమాంతం పెరుగుతుంది, ఇంతకుముందు షుగరు లేనివారికి కూడా. రోజుకు నాలుగుసార్లు చూసుకోవాలి.

రిపోర్టులో ఇంకొకటి వెతకండి. ముక్కలో ఎన్ని గ్లోమెరులస్‌లు (రక్తాన్ని వడగట్టే జల్లెడ గుత్తులు), ఎన్ని ధమనులు దొరికాయో రాసి ఉంటుంది. కనీసం 10 గ్లోమెరులస్‌లు, 2 ధమనులు ఉంటే ముక్క సరిపోయినట్టు. గ్లోమెరులస్‌లు నాలుగే దొరికి, ధమనులు చాలకుండా ‘వి0’ అని రాస్తే, ధమని బాగుందని కాదు, చూడటానికి చాలినంత లేదని అర్థం. సూది పైపొరను దాటి లోతుగా దిగితే ఇలా జరుగుతుంది. అప్పుడు మళ్ళీ చేయాలా అని అడగడం మీ హక్కు.

ప్రశ్న: బయాప్సీ అయిన మూడో రోజు, ఇంటి దగ్గర, మూత్రంలో రక్తపు గడ్డ పడింది. ఫోన్ చేస్తే నీళ్ళు తాగమన్నారు. అది చాలా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: ఒక చిన్న గడ్డ పడి, తర్వాత మూత్రం తేటగా ధారాళంగా వస్తే చాలు. గడ్డలు పడుతూనే ఉన్నా, మూత్రం సన్నగిల్లినా, ఆరు గంటలు రాకపోయినా ఏ వేళయినా ఆసుపత్రికి వెళ్ళండి. మీకు పనిచేసేది ఒక్క కిడ్నీ, దాని గొట్టం ఒక్కటే. అక్కడ గడ్డ అడ్డుపడితే ఒక్క రోజులో క్రియాటినిన్ ఎగబాకుతుంది. మూత్రం రాకుండా నీళ్ళు మాత్రం తాగుతూ కూర్చోకండి. కిడ్నీ ఉన్నచోట పోటు, చల్లని చెమటలు, కళ్ళు తిరగడం, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం కూడా ఇలాంటివే. కారణం లేకుండా బీపీ అమాంతం పెరిగినా ఆలస్యం చేయకండి. కిడ్నీ చుట్టూ రక్తం చేరి దాన్ని నొక్కుతున్నప్పుడు అలా అవుతుంది.

ప్రశ్న: సూది లేకుండా రక్తపరీక్షతోనే రిజెక్షన్ తెలుసుకోవచ్చని విన్నాం. నిజమేనా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: కొంతవరకు. దాత కిడ్నీ కణాలు దెబ్బతిన్నప్పుడు వాటి డీఎన్ఏ తునకలు రక్తంలోకి వస్తాయి. వాటిని కొలిచే పరీక్ష ఉంది, ఖరీదెక్కువ. ఫలితం తక్కువగా వస్తే కొంత నిశ్చింత. ఎక్కువగా వస్తే దెబ్బ తగిలిందని తెలుస్తుంది కానీ, రిజెక్షనా మరొకటా అన్నది తేలదు, ఎంత మచ్చ పడిందో కూడా తెలియదు. అది ఎక్కువ వచ్చినవారిని చివరికి బయాప్సీకే పంపుతారు. క్రియాటినిన్ ఇప్పటికే పెరిగి ఉంటే, ఆ ఫలితం కోసం ఎదురుచూస్తూ బయాప్సీ వాయిదా వేయవద్దు.