హెర్నియా సంచి పక్కన అడ్రినల్ కణజాలం దొరికితే భయపడాలా?

బాబుకి గజ్జల్లో హెర్నియా ఆపరేషన్ చేస్తుంటే చిన్న పసుపు గడ్డ కనబడిందనీ, బయాప్సీలో "ఎక్టోపిక్ అడ్రినల్ కార్టెక్స్" (కిడ్నీ పైన ఉండే అడ్రినల్ గ్రంథి పై పొర ముక్క, ఉండాల్సిన చోట కాకుండా వేరేచోట ఉండటం) అని వచ్చిందనీ, ఇది క్యాన్సరేమోననీ అడిగారు. కాదు. పిల్లల గజ్జ ఆపరేషన్ల స్లైడ్లు చూసేవాళ్లకి ఇది తెలిసిన సంగతే.

గర్భంలో అడ్రినల్ కార్టెక్స్, వృషణం పక్కపక్కనే తయారవుతాయి. వృషణం కిందికి దిగేటప్పుడు కార్టెక్స్ ముక్క ఒకటి దాన్ని అంటుకుని వచ్చేస్తుంది. అందుకే ఆ దారి పొడవునా ఎక్కడైనా దొరకొచ్చు: కిడ్నీ దగ్గర, వీర్యనాళం వెంట, హెర్నియా సంచి మీద. ఆడవాళ్లలో అండాశయం చుట్టుపక్కల, గర్భాశయాన్ని పక్కల నుంచి పట్టి ఉంచే బ్రాడ్ లిగమెంట్‌లో ఉంటుంది. 1883లో జర్మన్ పాథాలజిస్టు మార్చాండ్ వర్ణించింది అక్కడిదే. అడ్రినల్ లోపలి భాగమైన మెడుల్లా పుట్టుక వేరు కాబట్టి గజ్జల్లో దొరికే ముక్కలో అది సాధారణంగా ఉండదు.

సైజు మామూలుగా 1 నుంచి 5 మి.మీ. కణాల నిండా కొవ్వు ఉండటం వల్లే ఆ పసుపు రంగు. పెద్దవాళ్లలో కొవ్వు వల్ల స్లైడు మీద ఖాళీగా, పారదర్శకంగా కనబడే ఈ కణాల్ని చూసి కిడ్నీ క్యాన్సర్ పాకిందని పొరబడే ప్రమాదం ఉంది. అనుమానం వస్తే కణం ఏ రకమో తేల్చే ఇన్హిబిన్, మెలాన్-ఎ, పాక్స్-8 స్టెయిన్లు వేయించాలి. అడ్రినల్ అయితే మొదటి రెండూ పాజిటివ్, మూడోది నెగెటివ్ వస్తాయి.

కంటికి కనబడ్డ గడ్డను తీసేస్తే చాలు. ఇంకా ఉన్నాయేమోనని వెతుకుతూ పోతే వీర్యనాళానికీ రక్తనాళాలకీ దెబ్బ తగులుతుంది. బాబు మామూలుగా ఎదుగుతుంటే దీనికోసం స్కాన్లు, హార్మోన్ పరీక్షలు అక్కర్లేదు.

జాగ్రత్త పడాల్సింది ఏసీటీహెచ్ (అడ్రినల్‌ని పనిచేయించే పిట్యూటరీ హార్మోన్) ఎప్పుడూ ఎక్కువగా ఉండేవాళ్ల విషయంలో. ముఖ్యంగా పుట్టుకతో 21-హైడ్రాక్సిలేజ్ (అడ్రినల్ హార్మోన్ల తయారీకి కావాల్సిన ఎంజైమ్) లోపం ఉన్న మగపిల్లల్లో ఆ హార్మోన్ ఉసిగొల్పడంతో వృషణాల్లో మిగిలిన ముక్కలు గడ్డలుగా పెరుగుతాయి, తరచు రెండువైపులా. చేతికి తగలకపోయినా అల్ట్రాసౌండ్‌లో కనబడతాయి. వృషణంలో మగ హార్మోన్ తయారుచేసే లేడిగ్ కణాల ట్యూమర్ అనుకుని వృషణం తీసేయడమే ఇక్కడ జరిగే ఘోరమైన పొరపాటు. లేడిగ్ కణాల్లో ఉండే రైంకే స్ఫటికాలు గడ్డలో కనబడితే అది లేడిగ్ ట్యూమరే. అవి లేనంత మాత్రాన తేల్చేయకూడదు, ఈ ఎంజైమ్ లోపంలో రక్తంలో పెరిగే 17-హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ చూడాలి. ఈ లోపానికి వాడే స్టెరాయిడ్ మోతాదు సరిచేస్తే చాలా గడ్డలు తగ్గుతాయి. ఆలస్యమైతే శుక్రకణాలు బయటికొచ్చే దారి మూసుకుపోయి, పిల్లలు పుట్టే అవకాశం దెబ్బతింటుంది. ఆ మోతాదు ఎండోక్రైనాలజిస్టే మార్చాలి; సొంతంగా ఆపేస్తే ప్రాణం మీదికొస్తుంది.